సూది తప్పనిసరా, ఇష్టమా?

పోయిన వారం మల్లాపూర్ వైపు నుంచి శ్రావణి ఫోన్ చేసింది. ఆ పిల్ల అక్కడ కొత్తగా నర్సుగా చేరింది. నేను రిటైరై జగిత్యాలలో ఇంట్లో కూర్చున్నా ఈ కొత్త పిల్లలు నన్ను వదలరు. వదిలేస్తే నాకే తోచదు, అది వేరే సంగతి. శ్రావణి అడిగింది ఒక్క మాటే. బడిలో పదేళ్ల పిల్లలకూ పదహారేళ్ల పిల్లలకూ సూదులు వేయడానికి వెళ్లాలట. ధనుర్వాతానికీ, కంఠసర్పి అనే డిఫ్తీరియాకూ కలిపి వేసే టీకా అది. తల్లులు ముందే ఫోన్లు చేసి, ఇది తప్పనిసరా అని అడుగుతున్నారట. ఏం చెప్పాలి మేడం, అంది.

పొయ్యి మీద కూర మాడుతోంది, మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద కూర లేదు, ఏమీ లేదు. ఉద్యోగమంతా సూదులు వేసి, కింద పనిచేసే వాళ్లకు పాఠాలు చెప్పి, చివరికి ఇంత చిన్న ప్రశ్నకు జవాబు లేక అబద్ధమాడాను. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదంటే ఎక్కువ చెప్పినట్టే గానీ, ఆ ప్రశ్న మాత్రం చెవి దగ్గర జోరీగలా తిరుగుతోంది.

అందుకని రాసి చూసుకుందామని కూర్చున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, శాలువా ఎవరు కప్పారు అనేవి ఇందులో ఉండవు. వాటితో మీకేం పని? ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న వాళ్లకు పనికొచ్చేది ఒకటో రెండో ఉంటే ఉంటాయి. జవాబు దొరుకుతుందని మాత్రం మాట ఇవ్వలేను.

కప్పకు కోపం, పాముకు కోపం

ముందు ఉన్నమాట చెబుతాను. సూది వేయించుకోని పిల్లను బడి గేటు బయట నిలబెట్టమని నాకు ఏ పై అధికారీ ఎన్నడూ చెప్పలేదు. అందరికీ అందేలా చూడండి, అనేవారు, అంతే. కానీ బడుల పెద్దలు, హాస్టళ్ల వాళ్లు ఎవరి నియమం వాళ్లు పెట్టుకునేవారు. ఒకాయన తప్పనిసరి అంటాడు, పక్క బడి ఆయన మీ ఇష్టం అంటాడు. మధ్యలో ఐస్ డబ్బా భుజాన వేసుకుని నేను.

తప్పనిసరి అన్నామనుకోండి, ఇంత జబర్దస్తీ ఎందుకు చేస్తున్నారు, ఇందులో ఏదో ఉంది, అంటారు. మీ ఇష్టం అంటే, నిజంగా అవసరమైతే మా ఇష్టానికి వదిలేస్తారా, అవసరం లేనట్టే, అని ఇంటికి పోతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే ఒకాయన దగ్గరికి వెళ్లి, మీ అమ్మాయికి సూది వేయమంటారా అని మర్యాదగానే అడిగాను. ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఎయ్యాల్నంటె ఎయ్యి, వద్దంటె వద్దను. నన్నడుగుడేంది? నేనేమన్న డాక్టర్నా?"

అడగడమే తప్పయిపోయింది. అడిగామంటే మాకే నమ్మకం లేదని ఆయన లెక్క. అక్కడే పక్క సందులో అడగకుండా వేసినందుకు ఒక తల్లి నా వెంట పడింది. ఈ ఇద్దరూ నాకు ఇప్పటికీ కలిసే గుర్తొస్తారు, ఎవరిది న్యాయమో తేలదు.

మా డిపార్ట్‌మెంటు వాళ్లలో ఒక దురలవాటు ఉండేది. వద్దనేవాళ్లు ఎవరంటే వేలు ముస్లింల గల్లీ వైపు చూపించేవారు. నేను చూసింది వేరు. కోరుట్లలో గాజుల దుకాణం నడిపే షాహీన్ బీ తన ఇద్దరు ఆడపిల్లలనూ అందరికంటే ముందు తెచ్చి నిలబెట్టేది. ఆమె నన్ను కోరింది ఒక్కటే, రోజాల నెలలో బడిలో సూదులు పెట్టవద్దని. ఉపవాసం ఉన్న పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడతారని చెప్పింది. మంచి మాట. ఆ రోజు నుంచి రంజాన్ నెల చూసుకోకుండా నేను ఏ బడికీ తేదీ ఇవ్వలేదు. అందుకు నన్ను నేనే మెచ్చుకునేదాన్ని కూడా. ఆ మెచ్చుకోలు ఎంతవరకు నిలిచిందో కాసేపట్లో చెబుతాను.

బతిమాలితే చాయ్ అయితది

సిరిసిల్లలో నా పైన ఒక డాక్టరుగారు ఉండేవారు. మనసు మంచిది, ఓపిక లేదు. జనాన్ని ఒప్పించడం గురించి ఆయన సిద్ధాంతం ఒకటుంది. "భయపెడితె పనైతది, బతిమాలితె చాయ్ అయితది," అనేవారు. అంటే ఇల్లిల్లూ తిరిగి నచ్చజెబితే ప్రతి ఇంట్లో చాయ్ ఇస్తారు, పిల్లను మాత్రం పంపరని.

ఆయన ఒక బడి హెడ్మాస్టర్‌తో మాట్లాడి, సూది వేయించుకోని పదో తరగతి వాళ్లకు హాల్‌టికెట్ ఇవ్వబోమని చెప్పించారు. పచ్చి అబద్ధం. మర్నాడు బడి ముందు వరుస రోడ్డు దాకా వచ్చింది. ముస్తాబాద్ నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఒక సారు బెత్తం పట్టుకుని వరుస సరిచేస్తూ, ఇది మీ మంచికేరా అని ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆయన సొంత కూతురిదీ అదే వయసు, వేరే బడి. ఆ అమ్మాయికి ఎప్పుడు వేయిద్దాం సార్ అంటే, మా పాపకు సైనస్ ఉంది మేడం, అన్నాడు. సైనస్‌కూ దీనికీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

ఇక్కడ మీరు నన్ను డాక్టరుగారిని తిట్టమంటారు. తిట్టలేను. ఆ పిల్లలందరికీ రక్షణ దొరికింది, అది అబద్ధంతో దొరికినా నిజమైన రక్షణే. మరి మెచ్చుకోమంటారా? అదీ చేతకాదు. మరుసటి ఏడు ఆ బడికి కొత్త హెడ్మాస్టర్ వచ్చి, అలాంటి నియమం ఏదీ లేదని ఉన్నమాట చెప్పాడు. వరుసలో పిల్లలు పలచబడ్డారు, వచ్చిన తల్లులు కూడా నన్ను దొంగను చూసినట్టు చూశారు. పోయిన ఏడు మమ్మల్ని ఎందుకు మోసం చేశారని ఒకామె అడిగితే, ఎండ ఎక్కువగా ఉంది కూర్చో అమ్మా అని మాట మార్చాను.

కార్తీక సోమవారం

ఇక అసలు సంగతికి వస్తాను. కోరుట్లలో ఒక ఆడపిల్లల బడికి నేను తేదీ ఇచ్చాను. రంజాన్ చూసుకున్నాను, పరీక్షలు చూసుకున్నాను, సోమవారం అన్నాను. అది కార్తీక సోమవారం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి మా ఇంట్లో కార్తీక సోమవారం ఒక్కపొద్దు ఉంటాం, పొద్దంతా తినకుండా రాత్రి చుక్కలు చూశాకే అన్నం ముట్టుకుంటాం. ఆ రోజు నేను కూడా ఒక్కపొద్దే. పక్కవాళ్ల ఉపవాసం గుర్తుపెట్టుకున్న మనిషిని, నా కడుపులో ఉన్న ఉపవాసం నాకే తట్టలేదు.

సూది వేసే ముందు అందరినీ తిన్నారా అని అడిగాను. తిన్నం మేడం, అని పాట పాడినట్టు చెప్పారు. స్పెషల్ క్లాసులు నడుస్తుంటే ఒక్కపొద్దులు ఏంటని క్లాస్ టీచర్ అంతకుముందే గట్టిగా తిట్టిందట, ఆమె పక్కనే నిలబడి ఉంది. ఇంకేం చెబుతారు? మమత అనే పదో తరగతి పిల్ల సూది వేయించుకుని వరండా చివరి దాకా నడిచి కూలబడిపోయింది. అది చూసి ఇంకొకతి, ఆమెను చూసి వరుసలో మరికొందరు. ఒకరిని చూసి ఒకరు పడిపోవడం ఆ వయసు ఆడపిల్లల్లో మామూలే, సూదితో ప్రమాదమేమీ లేదు. ఆ సమయంలో అది ఎవరికి చెప్పగలం? క్లాస్ టీచర్ నీళ్ల కోసం ఉరికింది, సార్లు గుమిగూడి చూస్తున్నారు గానీ ఎదిగిన ఆడపిల్లను ముట్టుకుని లేపడానికి జంకుతున్నారు. నేను వరుస ఈ చివర నుంచి ఉరికి వెళ్లేసరికి ఎవరో వీడియో కూడా తీసేశారు.

మమతకు తెలివి వచ్చాక గ్లూకోజ్ నీళ్లు నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించుకుంది. ఏందే అని గదిమితే నా చెవిలో చెప్పింది.

"ఒక్కపొద్దు మేడం. మా నాయినకు లీవు దొరకాల్నని మొక్కుకున్న. టీచర్‌కు చెప్పకుండ్రి."

వాళ్ల నాయిన రాజేశం మస్కట్‌లో ఉంటాడు, ఎన్నో ఏళ్లుగా సరిగ్గా సెలవు దొరకలేదు. శివుడేమీ అనుకోడు తాగవే అని బలవంతంగా తాగించాను. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను, చెప్పలేదు. పిల్లలు తినకుండా వచ్చారని మాత్రం ఊరంతా మొత్తుకున్నాను. ఎవరూ నమ్మలేదు. మా పిల్లలు ఏటా ఒక్కపొద్దులు ఉంటారు, ఎన్నడన్నా పడ్డారా, సూదికే పడ్డారు, అన్నారు.

ఆ వీడియో నేను ఇల్లు చేరేలోపే మస్కట్ చేరింది. మమత తల్లి పద్మ ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉంది, కూతురు పడిపోయిందని ఆమెకు చెప్పింది మస్కట్ నుంచి భర్తే. అదే ఫోన్‌లో ఇంకో మాట కూడా చెప్పాడు, ఇక మా ఇంట్లో పిల్లలకు సూదులు వద్దని.

పద్మ అడిగింది

మమత చెల్లెలు అక్షిత. ఆ గొడవ తర్వాత కొన్నేళ్లకు పదేళ్ల సూది వంతు వచ్చింది, వేయించలేదు. ఆ మరుసటి ఏడు ధర్మపురి వైపు ఒక హాస్టల్ బడిలో ఆరో తరగతికి సీటు వచ్చింది. తెలివైన పిల్ల, పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు. ఆ హాస్టల్‌లో అంతకుముందు ఒక పిల్లకు కంఠసర్పి వచ్చి గొంతు మూసుకుపోయినంత పని అయింది, చావు తప్పి బయటపడింది. దాంతో మిగతా తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ మీద పడ్డారు, సూది వేయించుకోని పిల్లను లోపలికి రానివ్వొద్దని. వాళ్లలో కొందరు అంతకుముందు తమ పిల్లలకు వద్దని నాతో పోట్లాడినవాళ్లే. మన జనం ధోరణి నాకు అర్థమైనంతలో ఇది: తన పిల్లకు ఇష్టం, పక్క పిల్లకు తప్పనిసరి.

నేను అప్పుడు మళ్లీ కోరుట్లలోనే ఉన్నాను, సర్వీసు ఆఖరి ఏడు. పద్మ ఒక పొద్దున మా హెల్త్ సెంటర్‌కు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కూర్చో చెల్లె అంటే కూర్చోలేదు. చేతులకు ఇంకా తంబాకు వాసన.

"సిస్టరమ్మా, సూది ఎయ్యకుంట ఏసినట్టు రాసియ్యరాదు? నీ కాళ్లు మొక్కుత. మా ఆయన వద్దన్నడు. సూది లేంది ఆళ్లు రానియ్యరు. పొల్ల ఏడ్సుకుంట కూసున్నది."

నాకు ఒళ్లు మండింది. అట్లా రాసిస్తే రేపు నీ బిడ్డకే గొంతు మూసుకుపోతే ఎవరిని అడుగుతావని అరిచాను. ఆమె ఎదురు చెప్పలేదు, కళ్లు తుడుచుకుంది. అరిచాక సిగ్గేసింది. ఆమె అడిగింది తప్పే గానీ, ఆమెకు మేము వదిలిన దారి ఏది? భర్త మాట కాదని వేయిస్తే, పిల్లకు రేపు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆ నింద జీవితాంతం ఆమెదే. వేయించకపోతే పిల్ల సీటు పోతుంది. చేరడానికి ఇచ్చిన గడువు ఆ వారంతో అయిపోతుంది.

రాజేశానికి ఒక్కపొద్దు సంగతి తెలుసా అని అడిగాను. తెలియదంది. పదో తరగతి పిల్లను పస్తు పెట్టావా అని కోప్పడతాడని భయపడి చెప్పలేదట. మీ ఆయన నంబర్ ఇవ్వు, అన్నాను.

శుక్రవారం

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. ఆ రోజు కోరుట్ల చుట్టుపక్కల ఏ గల్లీలో నడిచినా ఇళ్లలోంచి ఫోన్‌లో మాట్లాడే మొగవాళ్ల గొంతులు వినిపిస్తాయి. నేను కూడా ఆ రోజే చేశాను. రాజేశం మర్యాదగా నమస్తే మేడం అన్నాడు. నేను రాత్రంతా ఒక మాట సిద్ధం చేసుకుని ఉన్నాను. తమ్మీ, నువ్వు మస్కట్ పోయేముందు మెడికల్‌లో సూదులు పొడిచారు గదా, అప్పుడు తప్పనిసరా అని ఎవరినన్నా అడిగావా, అన్నాను. భలే పట్టాననుకున్నాను.

"అడగలె మేడం. అది నా పానం, నాకేమన్నయితె నేను పడుత. గా పొల్ల పడ్డనాడు నేను ఫోన్ల జూసిన. అందరు సుట్టు నిలవడ్డరు, ఎవ్వలు లేపుతలేరు. లేపుతందుకు నేను ఆడ లేను."

నా తెలివితేటలన్నీ అక్కడితో ఆగిపోయాయి. ఇన్నేళ్లు వద్దన్నవాళ్లందరినీ నేను మూఢులని అనుకున్నాను, మొండివాళ్లనుకున్నాను, ఫోన్లలో వచ్చే చెత్త నమ్మేవాళ్లనుకున్నాను. ఈ మనిషి నమ్మింది తన కళ్లతో చూసినదాన్నే. అవతల ఎవరో కుక్కర్ మూత తీస్తున్న చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. నేను మమతకు ఇచ్చిన మాట తప్పాను.

"తమ్మీ, మమత సూదికి పడలె. పొద్దుగాలసంది పిల్ల నోట్లె ఏం ఏసుకోలె. ఒక్కపొద్దు ఉన్నది. నీకు లీవు దొరకాల్నని మొక్కుకున్నదట."

లైన్ కట్టయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. పద్మను ఏమనకు, పిల్ల అడిగితే ఏ తల్లి కాదంటుందని కూడా అన్నాను. చివరికి, ఈ సంగతి తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. రేపు శనివారం వేయండి, నాకు వీడియో కాల్ చేయండి, ముందు అన్నం తినిపించండి, అన్నాడు. నేను ఫోన్ పెట్టేయబోతుంటే ఆపాడు.

"ఒక్క ముచ్చట మేడం. గా హాస్టలోళ్లు అడగకపోతె నువ్వు నాకు ఫోన్ జేస్తుంటివా?"

రేపు కలుద్దాం తమ్మీ, అన్నాను.

గంతేనా

శనివారం పద్మ ఇద్దరు కూతుళ్లనూ తీసుకుని వచ్చింది. రాజేశం పని మధ్యలోనే హెల్మెట్ పెట్టుకుని ఫోన్‌లోకి వచ్చాడు, వెనక ఎండ తెల్లగా కొడుతోంది. తిన్నవా అని అడగొద్దు, ఏం తిన్నవ్ అని అడగమని నేనే రాజేశానికి చెప్పాను. ఇది మాత్రం ఈ ఉద్యోగంలో నేను కచ్చితంగా నేర్చుకున్న ముక్క, రాసిపెట్టుకోండి. అక్షిత పప్పు, అన్నం, పచ్చిపులుసు అని వరుసగా అప్పజెప్పింది. సూది వేశాను. గంతేనా, అంది. మమత మాత్రం ఫోన్ పట్టుకున్న చేతిని అటూ ఇటూ తిప్పకుండా చివరిదాకా అట్లాగే నిలబడింది. వాళ్ల నాయిన చెల్లెలి వైపు కాకుండా ఆమె వైపే చూస్తున్నాడని నాకు అనిపించింది.

కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ రాజేశం ఊళ్లోని తోటివాళ్లకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. జబర్దస్తీ ఏం లేదు, భయపడకుండా వేయించండి, పిల్లలకు ముందు తినబెట్టండి, అని. నేను కూడా విన్నాను, మాటలు స్పష్టంగా ఉన్నాయి. అది గల్లీ దాటేసరికి, సూది లేకుంటే ఏ హాస్టల్‌లోనూ సీటు ఇవ్వరట, రాజేశం చెప్పిండట, అయింది. సెంటర్ ముందు చెప్పులు నిండిపోయాయి. ముందు వచ్చినామెకు, తప్పనిసరేమీ కాదమ్మా, మంచిదని వేస్తున్నాం, అని నిజం చెప్పాను. మరి మొదలే చెప్పరాదా, అని పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది. తర్వాత వచ్చినామె కూడా తప్పనిసరా అని అడిగింది. నేను, పిల్ల ఏం తిన్నది, అని మాత్రం అడిగాను.

చేసింది మంచో చెడో మీరే చెప్పండి. డాక్టరుగారు ఉంటే నవ్వేవారు. బెత్తం సారు కూడా నవ్వేవాడు.

ఇంతవరకు రాసి శ్రావణికి ఫోన్ చేశాను. కూర మాడిపోయిందా మేడం అని అడిగింది, దొంగపిల్ల. బడికి ఏ రోజు పోతున్నావన్నాను. సోమవారం అంది. క్యాలెండర్ చూడవే, అన్నాను. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది, అయ్యో కార్తీకం, అంది. మంగళవారానికి మార్చుకోమన్నాను.

"మరి తప్పనిసరి సంగతి ఏం చెప్పాలె మేడం?"

"అది నాకూ తెల్వదు బిడ్డా. గీ శుక్రవారం కూసొని గల్ఫ్‌ల ఉన్న తండ్రులకు ఫోన్లు చెయ్యి. బడోళ్లు అడగకముందే చెయ్యి."

అంతమందికా, అంది. అవును అన్నాను. నేను చేసింది ఒక్కడికే, అది కూడా హాస్టల్ వాళ్లు అడిగాకే.